గాలిచాటు

పొయ్యి మీద పప్పుచారు గిన్నె వంకరగా కనిపించింది. పట్టుకోబోతే నేనే వెళ్ళి గోడకు గుద్దుకున్నాను. తర్వాత అర్థమైంది. గిన్నె సరిగ్గానే ఉంది, ఒరిగింది పడవ. తెరచాప పడవల్లో పొయ్యిని రెండు వైపులా ఇరుసుల మీద ఉయ్యాలలా వేలాడదీస్తారట. పడవ ఎటు ఒరిగినా పొయ్యి మట్టంగానే ఉంటుంది. మనిషికి ఆ ఏర్పాటు లేదు.

"మావయ్యా, పైకి వచ్చెయ్యి. కింద ఉంటే కడుపులో తిప్పేస్తుంది" అని మేనల్లుడు కేకేశాడు. వచ్చేలోపే తిప్పేసింది.

2025 ఫిబ్రవరి. కరీబియన్ సముద్రంలోని సెయింట్ విన్సెంట్ నుంచి దక్షిణంగా, గ్రెనడీన్స్ అనే చిన్న దీవుల వరుస వెంట, గ్రెనడా దేశానికి చెందిన కారియాకూ దాకా వారం రోజుల ప్రయాణం. మేనల్లుడు ఫ్లోరిడాలో ఉద్యోగం చేస్తూ తెరచాప పడవ నడపడం నేర్చుకున్నాడు. అయినా ఇక్కడి నీళ్ళు తెలిసినవాడు ఉండాలని బెక్వే దీవికి చెందిన ఒక పెద్దాయన్ని కుదుర్చుకున్నాడు. అరవై దాటిన మనిషి. మాటలు తక్కువ. అందరూ ఆయన్ని కెప్టెన్ అన్నారు. నేను మాత్రం మనసులో సరంగు అనే అనుకున్నాను. మాది తాళ్ళరేవు దగ్గర. పడవ నడిపేవాణ్ణి సరంగు అనడం చిన్నప్పటి అలవాటు.

నలభై అడుగుల పడవ. పెద్ద చాప ఒకటి, ముందు చాప ఒకటి. మొదటి దాటు తొమ్మిది సముద్రపు మైళ్ళు మాత్రమే. అయితే సెయింట్ విన్సెంట్ కొండల మాటు దాటగానే అట్లాంటిక్ నేరుగా వచ్చి తగులుతుంది. వాణిజ్య పవనాలు అని బళ్ళో బట్టీ పట్టాను, పరీక్షలో రెండు మార్కులు తెచ్చుకున్నాను. అవి ఇలా చెంప మీద ఉప్పునీళ్ళు కొట్టేవని ఏ మేష్టారూ చెప్పలేదు. చలికాలమంతా తూర్పు నుంచి, ఈశాన్యం నుంచి, రాత్రనక పగలనక ఒకే వరుసన వీస్తాయి. మేం వెళ్ళేది దక్షిణానికి గనక గాలి ఎడమ పక్క నుంచి తగిలి, పడవ కుడివైపు ఒరిగి పరిగెత్తింది.

బెక్వే అడ్మిరల్టీ బేలోకి మలుపు తిరిగిన క్షణాన ఎవరో మీట నొక్కినట్టు అంతా ఆగిపోయింది. కెరటం లేదు, హోరు లేదు. చాప మెత్తబడింది. సరంగు నోరు తెరిచి చెప్పిన మొదటి పాఠం ఇక్కడే. ఈ దీవుల్లో పడవవాడు చూసేది అందం కాదట, గాలిచాటు. గాలి తూర్పు నుంచి వస్తుంది కనుక ప్రతి దీవికీ పడమటి వైపు ఒక చాటు ఉంటుంది. రేవు అక్కడే, లంగరు అక్కడే, ఊరు అక్కడే. వచ్చినవాళ్ళు ఆహా ఎంత ప్రశాంతం అనేదీ ఆ చాటులో నిలబడే.

లంగరు వేయడం ఇనప ముక్కని నీళ్ళలో పడేయడం కాదని కూడా ఆ సాయంత్రమే తెలిసింది. ఐదు మీటర్ల లోతుంటే ముప్ఫై మీటర్ల గొలుసు వదలాలి. గొలుసు అడుగున పడుకుని లాగితేనే లంగరు కొక్కెం ఇసకలో దిగుతుంది. ఇంజను వెనక్కి తిప్పి లాగి చూడాలి. ఒడ్డున ఒక చెట్టునీ దాని వెనక ఒక ఇంటినీ గురుతు పెట్టుకోవాలి. ఆ రెండూ ఒకదాన్నుంచి ఒకటి జరిగాయంటే, జరిగింది మన పడవే.

బెక్వే పడవల దీవి. పిల్లలకు బొమ్మల్లాగా చెక్కిన పడవలు దుకాణాల్లో ఉంటాయి. చేత్తో విసిరే బల్లెంతో తిమింగలాన్ని వేటాడే పాత అలవాటు ఇంకా ఇక్కడ మిగిలి ఉంది. అంతర్జాతీయ తిమింగలాల సంఘం వీళ్ళకు సగటున ఏడాదికి నాలుగింటి వరకు అనుమతిస్తుంది. బజారులో సీమపనస కాయలు కొన్నాం. ఆ చెట్టుకూ ఒక కథ ఉంది. తోటల్లో బానిసలకు చవగ్గా తిండి పెట్టడం కోసం 1793లో కెప్టెన్ బ్లై పసిఫిక్ నుంచి మొక్కల్ని ఓడలో సెయింట్ విన్సెంట్‌కు తెచ్చాడు. ఆ రాత్రి మా పడవలో దాన్ని చక్రాలుగా తరిగి కారం చల్లి వేయించాం. కందకీ అరటికాయకీ మధ్య రుచి.

కాయలమ్మిన ఆవిడ ముఖం మా వీధిలో ముఖంలా ఉంది. అడగకుండా ఉండలేకపోయాను. సెయింట్ విన్సెంట్‌లో పుట్టి ఇక్కడికి కాపురానికి వచ్చిందట.

"మా ముత్తాత తండ్రి మద్రాస్ నుంచి వచ్చాడు" అంది.

"మద్రాసులో ఏ ఊరు?"

"మద్రాస్" అంది మళ్ళీ. ఆవిడ దగ్గర మిగిలింది ఆ ఒక్క మాటే.

మర్నాడు పొద్దున్నే చాపలెత్తాం. కాన్వాన్ దీవిని పక్కనుంచి చూసి, ఐదు గంటల్లో మేరో చేరాం. నాలుగు చదరపు కిలోమీటర్లు కూడా లేని దీవి. సాల్ట్ విజిల్ బే అనే చిన్న కడుపులాంటి చోట లంగరు వేశాం. ఇటు చాటు, అటు సముద్రం, రెంటికీ మధ్య సన్నని ఇసుక కట్ట. ఫొటోల్లో ఆ కట్ట నిండా కొబ్బరిచెట్లున్నాయి. నేను చూసినప్పుడు మొండేలు ఎక్కువ, మట్టలు తక్కువ. కొబ్బరితోట తుపాను తర్వాత ఎలా ఉంటుందో మా జిల్లావాడికి చెప్పక్కర్లేదు. 1996 నవంబరు తర్వాత కోనసీమను చూసినవాణ్ణి.

ఇక్కడ దాని పేరు బెరిల్. 2024 జులై 1న గంటకు 240 కిలోమీటర్ల గాలితో కారియాకూ మీద తీరం దాటింది. చుట్టుపక్కల మేరో, యూనియన్ దీవుల్లో నూటికి తొంభై ఇళ్ళు దెబ్బతిన్నాయి. కారియాకూ అరగంటలో నేలమట్టమైందని గ్రెనడా ప్రధాని డికన్ మిచెల్ చెప్పారు. అంతవరకు పడవవాళ్ళ లెక్కలో ఈ దక్షిణపు దీవులు తుపాన్ల దారికి కాస్త పక్కగా ఉన్నవి. జూన్ నుంచి నవంబరు దాకా ఉత్తరాది పడవల్ని తెచ్చి ఇక్కడ దాచుకునేవారు. 2004లో ఐవాన్ తుపాను గ్రెనడాను కొట్టినా ఆ నమ్మకం పూర్తిగా పోలేదు. దీవులన్నింటికీ ఇదే గాలిచాటు అన్నమాట. ఆ చాటులోకే బెరిల్ వచ్చింది.

మేరోలో వాగు లేదు, ఏరు లేదు. ఇంటి కప్పు మీద పడిన వాననీటిని తొట్లలోకి పట్టుకుని తాగుతారు. కప్పు ఎగిరిపోతే ఎండకూ వానకూ నిలువనీడ పోవడమొక్కటే కాదు, తాగే నీళ్ళూ పోయినట్టే. ఊరి నిటారు రోడ్డు ఎక్కుతుంటే ఇది తట్టింది. అందుకే ఇక్కడ గోడలకన్నా ముందు రేకులు వేస్తున్నారు. మధ్యాహ్నం ఎండలో కొండ మీద ఒకే చప్పుడు, రేకు మీద సుత్తి దెబ్బ. నిశ్శబ్దం కోసం వచ్చిన నేను ఆ చప్పుడు విని ఎందుకో కుదుటపడ్డాను.

ఆ రాత్రి రెండింటికి వాన గాలి కొట్టింది. లేచి చూస్తే నా చెట్టు ఒక చోట ఉంది, నా ఇల్లు ఇంకోచోట ఉంది. మేనల్లుణ్ణి లేపాను. వాడు ఇంజను పెట్టేసరికి సరంగు అప్పటికే ముందు కొసన నిలబడి గొలుసు మీద అరికాలు ఆనించి ఉన్నాడు. లంగరు ఇసకలో జారుతుంటే గొలుసు గుడగుడలాడుతుందట, కాలికి తెలుస్తుందట. పైకి లాగి మళ్ళీ వేశాం. రెండోసారి గట్టిగా పట్టింది. ఆయన పడుకోవడానికి వెళ్తూ, "నువ్వు చెట్టు బాగా చూశావు" అన్నాడు. వారం మొత్తంలో ఆయన నన్ను మెచ్చుకున్నది ఆ ఒక్కసారే.

మేరో నుంచి టొబాగో కేస్ కనిపిస్తూనే ఉంటాయి. మనుషులు లేని ఐదు బుల్లి దీవులు, వాటికి తూర్పున గుర్రపు లాడంలా వంగిన పగడపు దిబ్బ. 2003లో వచ్చిన పైరేట్స్ ఆఫ్ ద కరీబియన్ సినిమాలో జాక్ స్పారోను వదిలేసి వెళ్ళే దీవి వీటిలోదే, పెటీ టబాక్. ఇప్పుడిది మెరైన్ పార్కు. ఆ ఐదింటిలో ఒకటైన బరడాల్ పక్కన నీళ్ళలో తల ముంచితే పచ్చ తాబేళ్ళు గేదెల్లా తాపీగా గడ్డి మేస్తున్నాయి. మనం వచ్చామన్న పట్టింపు లేదు. ఊపిరి కోసం ఒకటి పైకొచ్చి, మూతి బయటపెట్టి ముసలాయన దగ్గినట్టు చప్పుడు చేసి మళ్ళీ కిందికి పోయింది.

ఇక్కడ లంగరు వేస్తే ఒక విచిత్రం. దిబ్బ అలను విరగ్గొడుతుంది, గాలిని ఆపలేదు. నీళ్ళు అరచేతిలా మట్టంగా ఉన్నాయి, జుట్టు మాత్రం ఎగురుతోంది. దిబ్బ అవతల ఆఫ్రికా దాకా నేల లేదు. రాత్రి డెక్కు మీద వెల్లకిలా పడుకుంటే ఆ గాలి ఎవరెవర్ని మోసుకొచ్చిందో లెక్క వేయాలనిపించింది. ముందు కొలంబస్ తెరచాపల్ని. తర్వాత బానిసల ఓడల్ని. వాళ్ళకు విడుదల వచ్చాక తోటల్లో పనికి మనుషులు చాలక, 1861 జూన్ 1న ట్రావన్‌కోర్ అనే ఓడను. అది మద్రాసు నుంచి కూలీలతో గుడ్‌హోప్ అగ్రం చుట్టి సెయింట్ విన్సెంట్ చేరింది. తర్వాతి ఇరవై ఏళ్ళలో అలా 2,000కు పైగా వచ్చారు. ఇప్పుడు అక్కడ జూన్ 1 భారతీయుల ఆగమన దినం. మద్రాసు రేవులో ఎక్కిన కూలీల్లో తమిళులతోపాటు మనవాళ్ళూ ఉండేవారని మారిషస్, నటాల్ చెబుతూనే ఉన్నాయి. సీమపనస అమ్మిన ఆవిడ ముత్తాత తండ్రిది ఏ ఊరో! ఆయనకు మాత్రం ఏ చాటూ దొరికి ఉండదు.

యూనియన్ దీవిలో క్లిఫ్టన్ రేవు దగ్గర దేశం దాటే కాగితాలు చూపించాం. సరిహద్దు దాటిన పడవ పసుపు జెండా ఎత్తి, అవతలి దేశం ముద్ర వేసేదాకా దించకూడదు. ఆ జెండాతో కారియాకూ టిరెల్ బేలోకి వచ్చాం. బేకు ఒక పక్క మడ అడవి ఉంది. తుపానుకు పడవల్ని దాచే చోటు అదే. మా కోరంగి మడలంత దట్టంగా ఉండేదట. ఇప్పుడు బూడిదరంగు కొమ్మలు. వాటి మధ్య ఒక పడవ స్తంభం వంగి, ఇంకా ఎవరికోసమో ఎదురుచూస్తున్నట్టుంది.

చివరి రోజు వ్యానెక్కి దీవి అవతలి వైపుకు వెళ్ళాం. ఆ ఊరి పేరే విండ్‌వర్డ్. చాటు వదిలి, గాలికి మొహం పెట్టి కూర్చున్న పల్లె. ఒకప్పుడు స్కాట్లండ్ నుంచి వచ్చిన పడవ వడ్రంగుల సంతతి ఇక్కడ ఉంది. కాగితం మీద గీత లేకుండా, ఒడ్డునే, కంటి కొలతతో తెరచాప పడవలు కట్టడంలో వీళ్ళది పేరుమోసిన చెయ్యి. 1965 నుంచి ఆ పడవలకే ఏటా పందేలు పెడుతున్నారు.

ఒడ్డున ఒక పాత పడవ పక్కకు ఒరిగి ఉంది. సగం పలకలు నల్లవి, సగం కొత్తవి. ఒక మనిషి ఒక కన్ను మూసి పలక అంచు వెంట చూస్తున్నాడు. మా తాళ్ళరేవు వడ్రంగులు చూసేది అచ్చం అలాగే. ఇంకొకడు పలకల సందుల్లో నూలు కూరి సుత్తితో దట్టిస్తున్నాడు. ఆ దెబ్బకు ఒక బోలు శబ్దం వస్తుంది, టక్‌మని కాదు, టొంగ్‌మని. సందు నిండేకొద్దీ ఆ శబ్దం గట్టిపడుతుంది. చిన్నప్పుడు బడికి వెళ్ళే దారిలో కాలవ గట్టున రోజూ విన్నదే.

గాలికి ఎదురుగా నిలబడి చాలాసేపు విన్నాను. మేనల్లుడు వ్యాను దగ్గర్నుంచి, "మావయ్యా, వెళ్దామా?" అన్నాడు.

"ఆ సందు నిండనీ" అన్నాను.