గంపలో మూడు పిల్లులు

సావనీరులో పిల్లుల మీద వ్యాసమేమిటని నవ్వేవాళ్ళు నవ్వండి. నాకు తెలిసిన విషయం ఇదొక్కటే.

మాది కోనసీమలో వ్యవసాయ కుటుంబం. మా ఇంట్లో మూడు పిల్లులున్నాయి. ముద్దుకోసం పెంచుకున్నవి కావు. ధాన్యం బస్తాలకీ కొబ్బరి రాశికీ ఎలకల బెడద లేకుండా చూడ్డం వాటి ఉద్యోగం. జీతం పూటకింత పెరుగన్నం, చేపల కూర వండిన రోజున తలకాయలు. గండుపిల్లి పేరు ప్రెసిడెంటు, ఊరంతా తనదే అన్నట్టు తిరుగుతాడు గనక. మూడు రంగుల పిల్లి పేరు కలంకారీ, అది అమ్మ పెట్టింది. (మూడు రంగులున్న పిల్లి దాదాపు ఎప్పుడూ ఆడదే అవుతుందనీ, అదంతా ఎక్స్ క్రోమోజోముల మహిమ అనీ జువాలజీ క్లాసులో విన్నాక అమ్మకి చెప్పాను. ‘ఆ మాత్రం చూస్తే తెలీదా’ అంది.) మూడోది బూడిద. రంగూ బూడిదే, స్వభావమూ బూడిదే. ఉందో లేదో కూడా తెలియదు.

1885 జూలై 6న లూయీ పాశ్చర్, పిచ్చికుక్క కరిచిన జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ళ కుర్రవాడికి రేబిస్ టీకా వేయించాడు. దాని గుర్తుగా ఏటా ఆ రోజున పశువుల ఆసుపత్రుల్లో ఉచితంగా టీకాలు వేస్తారు. 2025 జూలై 6న నేను ఇంటి దగ్గరే ఉన్నాను. కోళ్ళగంపలో మూడింటినీ కూర్చోబెట్టి, పైన ఇంకో గంప బోర్లించి తాడు కట్టి, నాన్న మోపెడ్ నడుపుతుంటే నేను వెనక కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాను.

ప్రెసిడెంటు దారిపొడుగునా అరుస్తూనే ఉన్నాడు. ఆసుపత్రిలో తాడు విప్పగానే ఎగిరి, పశువుల్ని నిలబెట్టే ఇనపగొట్టాల చట్రం ఎక్కేశాడు. అప్పటికి అందులో ఎవరిదో గేదె ఉంది, అదీ బెదిరింది. అటెండరుగారి మోచెయ్యి గీరుకుపోయింది. ఎలాగో పట్టుకుని సూది పొడిస్తే అరక్షణంలో అయిపోయింది. తీరా ఇంటికొచ్చాక అందరికంటే ముందు అన్నం తిన్నవాడూ వాడే!

కలంకారీ తీరు వేరు. తనంతట తానే గంపలోంచి దిగి బల్లమీద అటూ ఇటూ నడిచింది. మందుసీసాలు వాసన చూసింది. డాక్టరుగారి స్టెతస్కోపుకి తల రుద్దింది. సూది పడిన సంగతి దానికి తెలిసినట్టే లేదు. బయట కుక్క మొరిగినప్పుడు మాత్రం దాని తోక సీసాలు కడిగే బ్రష్షులా అయింది.

బూడిద కదల్లేదు. కాళ్ళు కడుపుకింద దాచుకుని, మట్టిముద్దలా గంప అడుగునే ఉండిపోయింది. నేను గొప్పగా, ‘ఇది చాలా బుద్ధిమంతురాలండీ, ఏం చేసినా కిక్కురుమనదు’ అన్నాను.

డాక్టరుగారు సూది తియ్యలేదు. దాని కళ్ళలోకి చూశారు. ‘బుద్ధి కాదయ్యా, ఇది భయం. కనుపాప ఎంత పెద్దదయిందో చూడు, ఊపిరి చూడు’ అన్నారు. నాన్న భుజం మీది కండువా అడిగి తీసుకుని దానిమీద కప్పారు. ఇంటి వాసన తగిలితే కాస్త కుదుటపడుతుందట. కండువా కిందనుంచే మెల్లిగా తడుముతూ తోక మొదట ఆగారు. అక్కడ నిమ్మకాయంత గడ్డ. వేరే పిల్లి కరిచిన గాటు, పైన తోలు మూసుకుపోయి లోపల చీము పట్టింది. పిల్లికి మామూలుగా 101, 102 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉంటుంది. దీనికి 104.

‘తిండి మానేసి ఎన్నాళ్ళయిందండీ?’

నాన్నా నేనూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. మాకు తెలీదు. పళ్ళెం రోజూ ఖాళీగానే ఉండేది మరి. దాని వాటా కూడా ప్రెసిడెంటు తినేస్తున్నాడని మాకెలా తెలుస్తుంది? ఆ పంటిగాట్లు కూడా ఆయనగారివే కాబోలు.

గడ్డ కోసి చీము తీసి కడిగారు. టీకా జ్వరం తగ్గాక వేద్దామన్నారు. రోజూ తీసుకొచ్చి ఇంజెక్షను చేయించుకెళ్ళమన్నారు. తిరుగుదారిలో గంప ఒళ్ళో పెట్టుకుని నేను ఆలోచిస్తున్నది బూడిద గురించి మాత్రమే కాదు.

పదో తరగతి దాకా నాది తెలుగు మీడియం. ఇక్కడ మొదటి సంవత్సరం మూడో బెంచీలో గోడవారన కూర్చుని, చెప్పినదంతా రాసుకుంటూ, ఒక్కమాటా మాట్లాడకుండా గడిపాను. ఫిజిక్సులో సగం నాకు అర్థం కాలేదు. ‘నెమ్మదైన కుర్రాడు’ అన్నారు మేష్టార్లు. రూములో కూడా అదే పేరు. నెమ్మదైన కుర్రాడు ఫిజిక్సు పేపరు తప్పాడు. ఇంట్లో చెప్పడానికి నెల పట్టింది.

అయిదో రోజు బల్లమీద పెట్టగానే బూడిద చెవులు వెనక్కి వాల్చి, పళ్ళు బయటపెట్టి డాక్టరుగారిమీద బుస్సుమంది. నేను కంగారుపడ్డాను. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని నవ్వారు. ‘హమ్మయ్య! ఇంక ఫరవాలేదు, తీసుకెళ్ళండి’ అన్నారు.

కాలేజీకి వచ్చాక లైబ్రరీలో వాల్టర్ కానన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడి గురించి చదివాను. 1911లో ఆయన పిల్లుల్ని కట్టివేసి భయపెడితే వాటి మూత్రంలో చక్కెర కనిపించింది. త్వరగా బెదిరినవాటిలో త్వరగా, నిబ్బరంగా ఉన్నవాటిలో ఆలస్యంగా. భయానికి అడ్రినలిన్ పొంగి, గుండె వేగం పెరిగి, నెత్తుట్లో చక్కెర ఎక్కువవుతుందన్నమాట. గొప్ప ప్రయోగమే. పిల్లిని కట్టివేయడం మాత్రం నాకు మనసొప్పలేదు. అయితే చదువుతున్నంతసేపూ, గంప అడుగున రాయిలా కూర్చున్న బూడిద గుండె ఆవేళ ఎంత జోరుగా కొట్టుకుందో అనిపించింది.

ఆ వారంలోనే క్లాసులో లేచి నిలబడి, ‘సార్, ఇది నాకు బోధపడలేదు, తెలుగులో ఒకసారి చెబుతారా’ అన్నాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. సారు నావైపు కాసేపు చూసి, బోర్డు తుడిచి, మొదటి లైను నుంచి మళ్ళీ మొదలుపెట్టారు.