ఆరబెట్టకుండా ఉండాల్సింది

2024 సెప్టెంబర్ ఒకటిన బుడమేరు మా సింగ్‌నగర్‌లోకి వచ్చేసింది. మేం పై అంతస్తులో ఉన్నాం కాబట్టి బతికిపోయాం. కింద నాన్న ఫొటో స్టూడియో మాత్రం మునిగిపోయింది. నీళ్లు తీశాక షట్టర్ ఎత్తితే గోడల మీద ఛాతీ ఎత్తున బురద గీత, టేబుల్ కింద సిస్టమ్. అందులో ఒక టీబీ హార్డ్ డిస్క్. దాంట్లో మా ఫొటోలు పెద్దగా లేవు. అన్నీ వేరేవాళ్ల పెళ్లిళ్లు, ఓణీల ఫంక్షన్లు, బారసాలలు.

"నువ్వు సీఎస్ఈ కదరా, చూడు" అన్నాడు నాన్న. అప్పటికి నాకొచ్చింది సీలో ఫర్ లూప్ వరకే. ఆ మాట చెప్పలేకపోయా.

హెయిర్ డ్రయ్యర్ పెట్టా. రెండు రోజులు బియ్యంలో ఉంచా. "తినే బియ్యంలో ఆ బురద డబ్బా ఏంట్రా" అని అమ్మ తిట్టింది. మూడో రోజు కేబుల్ పెట్టి స్విచ్ వేశా. టక్... టక్... టక్. హెడ్ తన దారి దొరక్క వెనక్కెళ్లి మళ్లీ వస్తున్న చప్పుడట అది.

తర్వాత తెలిసింది. డేటా ఉండేది అయస్కాంత రూపంలో (ఈ మాట ఎలా రాయాలో అమ్మనడిగా, ఇంగ్లీష్ మీడియం మరి). నీళ్లు దాన్ని చెరపవు. కానీ చాలా డిస్కులకి గాలి కోసం ఒక చిన్న రంధ్రం ఉంటుంది, బురద నీళ్లు దాంట్లోంచి లోపలికి పోతాయి. హెడ్ పళ్లేనికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో ఎగురుతుంది. ఎండిన బురద రేణువు దానికి బండరాయి లాంటిది. అందుకే తడిసిన డిస్కుని ఆరబెట్టకూడదు. ఆ తడితోనే జిప్ కవర్లో పెట్టి, అస్సలు పవర్ ఇవ్వకుండా రికవరీ వాళ్ల దగ్గరికి తీసుకెళ్లాలి. నేను సరిగ్గా రివర్స్‌లో చేశా.

హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌కి వెళ్లాం. దుమ్ము లేని గదిలో విప్పి, పళ్లేలు శుభ్రం చేసి, అదే మోడల్ డిస్కు హెడ్లు తెచ్చి పెడతామన్నారు. వాళ్లడిగిన మొదటి ప్రశ్న, "తడిశాక ఆన్ చేశారా?"

నేను నోరు తెరిచేలోపే నాన్న, "నేనే చేశానండీ" అన్నాడు.

బస్సులో విజయవాడ దాకా ఇద్దరం మాట్లాడుకోలేదు.

చాలా ఫోల్డర్లు వచ్చాయి. గీతలు పడ్డ చోట మాత్రం ఏమీ రాలేదు. కొన్ని ఫొటోలు పైసగం బావుండి, కిందంతా బూడిద రంగు. ఒకావిడ చనిపోయిన వాళ్ల నాన్నగారి ఫొటో కోసం వచ్చింది. మొహం వరకు వచ్చింది. అంతవరకే కట్ చేసి ప్రింట్ ఇమ్మంది. నాన్న డబ్బులు తీసుకోలేదు.

రానివాళ్ల పేర్లు నాన్న ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాడు. అందరికీ ఇంకా చెప్పలేదు. పోయిన వారం వాళ్లలో ఒకాయన ఆల్బమ్ ఇంకో కాపీ కావాలని ఫోన్ చేశాడు. నాన్న తడబడుతుంటే ఫోన్ నేను తీసుకున్నా.

"అంకుల్, తడిసిన డిస్క్ ఆన్ చేసింది నేనే" అన్నా.