ఒక్క మాట, మూడు వాక్యాలు

ఈ పూట పంటల సంగతి పక్కన పెట్టి పిల్లోళ్ల చదువు గురించి రాస్తున్నా.

మా పాప ఐదో తరగతి. తెలుగు గడగడా చదువుతుంది. మొన్న పత్తి మందు డబ్బాలో వచ్చిన కాగితం ఇస్తే అదీ ఆగకుండా చదివేసింది. "విరుగుడు అంటే ఏందమ్మా?" అంటే నోరు మెదపలేదు. ఎవరికైనా మందు తగిలిన రోజు ఆ మాట తెలియకుంటే కాగితం ఉండీ లేనట్టే కదా. "విషహరం" అని అర్థం చెప్తే ఏం లాభం, ఒక తెలియని మాటకు ఇంకో తెలియని మాట కట్టినట్టు.

అందుకే మా ఇంట్లో మాటకు వాక్యాలు చెప్తాం, ఎవరి తరగతికి తగ్గట్టు వాళ్లకు. రెండో తరగతోడికి: "పాము కరిచింది. ఆస్పత్రిలో విరుగుడు సూది వేసినారు." పాపకు: "ఈ మందుకు విరుగుడు ఏందో కాగితంలో ఉంటుంది, ఆస్పత్రికి పోయేటప్పుడు దాన్ని తీసుకపోవాల." తొమ్మిది చదివే మా అన్న కొడుక్కి: "అప్పుకు విరుగుడు ఇంకో అప్పు కాదు." వాడికి బాగా నచ్చింది. మా అన్నకు నచ్చలేదు లెండి.

ఇది కొత్త పద్ధతేం కాదు. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన బ్రౌన్ దొర 1852లో నిఘంటువు తెచ్చినాడని అందరికీ తెలుసు. ఆయనే "వాక్యావళి" అని, వాక్యాలతోనే నుడికారం నేర్పే పుస్తకం కూడా వేసినాడు. ఆయన "తెలుగు రీడరు" నిండా కథలు కాదు, జాబులు, పోలీసు కాగితాలు, శిస్తు కాగితాలు. జనం నిజంగా రాసుకునే తెలుగు అన్నమాట. కడపలో ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది, అటు పోయినప్పుడు పిల్లోళ్లకు చూపించండి.

ఇంకోటి. మన కర్నూలు పక్క "బుడ్డలు" అంటాం, కడప కాడ "శెనక్కాయలు", పుస్తకంలో "వేరుశనగ". పిల్లోడు బుడ్డలు అని రాస్తే కొట్టేయొద్దు. "మా చేన్లో బుడ్డలు పీకినారు" అని ముందు రాయనీండి, తర్వాత అదే వాక్యంలో వేరుశనగ పెట్టించండి. రైతు నోటి మాట తక్కువదేం కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి గారు ఊర్లల్లో రైతుల మాటలు పోగు చేయించి 1962లో వ్యవసాయ పదకోశమే తెచ్చినారు. గొర్రు, గుంటక లాంటి మాటలు బడి పుస్తకంలో ఎన్నిసార్లు వస్తాయి చెప్పండి?

రాత్రి అన్నం తిన్నాక ఒక్క మాట చాలు, పావుగంట పని. ఈ నెల మేము బ్యాంకు కాగితాల మాటలు పట్టుకున్నాం: గడువు, పూచీకత్తు, తనఖా. గడువు సులభంగానే అయిపోయింది, "ఫీజు కట్టేదానికి రేపే గడువు" అన్నాడు చిన్నోడు. తనఖాకు రెండో తరగతి వాక్యం మాత్రం నాకు ఇంకా తట్టలేదు. మీకెవరికైనా తడితే చెప్పండి.