గోనెపట్టాలో పత్తి మొలక

మంచు కురియు దేశములలో ఐరిస్ పూలను గింజనుండి పెంచువారు ఆ గింజలను తడి ఇసుకలో కలిపి నెలల తరబడి చలిలో నుంచి, శీతకాలము గడచినట్లు వానికి తోచిన పిమ్మటనే మొలకకై యెదురుచూతురు. అకాలమున మొలచి మంచువాతఁ బడకుండుటకై ప్రకృతి వానికట్టి నిద్రను ప్రసాదించినది. ఆదోని, ఎమ్మిగనూరు సీమలో మంచును లేదు, ఆ పూలతో మనకు పనియు లేదు. ఇచట ఇంటింట మొలకకుఁ బెట్టి చూడవలసిన గింజ యేదియని యడిగినచో, పత్తిగింజ యని నేను తడుముకొనక చెప్పుదును.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించినపుడు బళ్లారి జిల్లానుండి కర్నూలు జిల్లాలో చేరిన ఆదోని తాలూకా, అంతకు ఎంతో పూర్వమునుండియు నల్లరేగడికిని, 'వెస్టరన్స్' అని వర్తకులు వ్యవహరించిన నాటుపత్తికిని ప్రసిద్ధి కెక్కినది. ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్పగారు నెలకొల్పిన చేనేత సహకార సంఘమును గూర్చి తెలియనివారు ఈ ప్రాంతమున అరుదు. దూదికిని, దుప్పటికిని ఇంత కీర్తి దక్కినది గాని, వానికి మూలమైన గింజను చేతఁబట్టి చూచువారు నానాటికి తగ్గిపోవుచున్నారు.

పూర్వము అట్లుండెడిది కాదు. దూది తీసిన తరువాతఁ గూడ పత్తిగింజను పొట్టినూగు వదలదు. ఆ నూగుతోనే జడ్డిగమున వేసినచో గింజలు ఒకదానినొకటి పెనవేసికొని గొఱ్ఱుగొట్టములలో దిగక, దిగినను గుంపుగాఁ బడి, చాలులో ఒకయెడ పొదయు, వేఱొకయెడ బయలును ఏర్పడును. అందుచేత విత్తుటకు ముందు గింజలను నులకమంచముపైఁ బోసి, పేడనీళ్లును మెత్తని మన్నును చల్లి, అరచేతులతో రుద్దెడివారు. నూగు అణఁగి, పేడపూత ఆరి, గింజ దేనికది విడిపోయెడిది. ఆ రుద్దుటలోనే తాలుగింజ యేదియో, పుచ్చుగింజ యేదియో వ్రేళ్లకుఁ దెలిసిపోయెడిది. తరువాతి కాలమున గంధకామ్లముతో నూగును కాల్చి, వెంటనే నీటఁ గడిగి, తేలిన గింజలను పారవైచి, మునిగినవానినే విత్తు పద్ధతి వచ్చినది. అది శీఘ్రమైనదే గాని, ఆమ్లము ప్రమాదకరము, ఇంటఁ జేయఁదగినది కాదు.

మొలకను పరీక్షించుట మాత్రము ఎవరింటనైనను సులభము. గోనెపట్టాను నానఁబెట్టి పిండి, దానిపై నూరు గింజలను పది వరుసలుగాఁ బేర్చి, పైన మఱియొక తడిపట్టాను కప్పి, వదులుగాఁ జుట్టి నీడను ఉంచవలెను. చెమ్మ ఆరకుండ నీళ్లు చిలుకరించుటయే తక్కిన పని. వెచ్చదనము చాలినంత యుండు మన వేసవిలో రెండు మూఁడు దినములకే మొనదేలిన కొననుండి తెల్లని వేరు వెలికి వచ్చును. అటుపిమ్మట కాడ కొక్కెమువలె వంగి, తల యెత్తి, నల్లని పెంకును విదిల్చుకొనును. విచ్చుకొన్న రెండు బీజదళములను వెలుతురున కెత్తి చూడుఁడు: లేఁబసిమిలో సూదిమొనతోఁ బెట్టినట్లు నల్లని చుక్కలు కనిపించును. అవియే గాసిపాల్ అను చేదువస్తువును దాఁచిన గ్రంథులు, పురుగునుండి ఆ పసిమొక్కకు పుట్టుకతో లభించిన రక్ష. విత్తన పరీక్షాలయములలో గోనెకు మారుగా కాగితపుఁజుట్టను వాడి, 4వ నాఁడు తొలిలెక్కయు 12వ నాఁడు తుదిలెక్కయుఁ దీయుదురు. పద్ధతిలో అంతకు మించిన భేదము లేదు.

1970లో సూరతునందు సి.టి. పటేలుగారు హెచ్-4 అను సంకరపత్తిని రూపొందించిరి. 2002లో బీటీ పత్తికి అనుమతి లభించినది. సంకరజాతి గింజను దాఁచి మరుసటియేఁడు విత్తినచో తల్లిగుణము నిలువదు గనుక, విత్తనము ఇంటి గాదెను విడిచి అంగడి కెక్కినది. దిగుబడి పెరిగినది, కాదనను. కాని గింజతోపాటు దానిని పరిశీలించు అలవాటును ఇల్లు దాఁటిపోవుట నాకు మిక్కిలి బాధ కలిగించుచున్నది. ఏలయన, ఈ సీమ వాననే నమ్ముకొన్నది. తొలకరి పదునులో వేసిన విత్తనము మొలవనిచో, తిరిగి విత్తుటకు పదునును మిగులదు, పైకమును మిగులదు. పిల్లలను బడి మాన్పించి, ఇంటికిఁ దాళము వైచి, గుంటూరు వైపు సుగ్గికి, అనఁగా కూలిపనుల వలసకు, పోవు కుటుంబముల దుఃఖము ఎఱిఁగినవారికి, ఒక్క చాలు బయలుపడుట చిన్న నష్టముగాఁ దోఁపదు.

కావున రైతుసోదరులారా, అక్కలారా, వాన రాకమునుపే, కొన్న ప్రతి రకమునుండియు నూరు గింజలు తీసి గోనెపట్టాలోఁ జుట్టి చూడుఁడు. పత్తివిత్తనము నూటికి కనీసము 65 వంతులు, సంకరజాతిదైనచో 75 వంతులు మొలవవలెనని ధ్రువీకరణ ప్రమాణములు విధించుచున్నవి. అంతకుఁ దగ్గినచో ఆ గింజను చేనికిఁ దీసికొనిపోవలదు. రసీదును, ఖాళీసంచిని, మిగిలిన గింజలను భద్రపరచి, పదును దాఁటకముందే వ్యవసాయాధికారికిఁ జూపుఁడు.