రిమ్ అంచున ఒక కిలో

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో బేరింగుల దుకాణాలు, మోటారు పంపుల దుకాణాలు దాటి ఒక సందులోకి మళ్లితే ఆ వర్క్‌షాప్ కనిపిస్తుంది. బయట బోర్డు లేదు. లోపల రెండు స్పోర్ట్స్ బైకులు చక్రాలు విప్పేసి స్టాండ్ల మీద ఉన్నాయి. నడిపే పెద్దాయనను పనివాళ్లంతా ఉస్తాద్ అంటారు, నేనూ అలాగే పిలిచాను. ట్రాక్ మీదికి వెళ్లే బండ్లను సిద్ధం చేయడంలో ఆయనకు మంచి పేరుంది.

నేను వెళ్లేసరికి మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడొకడు తన కవాసకి నింజా జెడ్ఎక్స్-6ఆర్‌తో వచ్చి ఉన్నాడు. సెలవు దొరికితే చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టైకో, కోయంబత్తూరు కరి స్పీడ్‌వేకో బండి తీసుకెళ్తాడట. తేలికైన చక్రాలు వేయించాలని అతని కోరిక.

"కార్బన్ వేద్దాం ఉస్తాద్. మోటోజీపీలో అవే కదా!"

"గట్ల కాదు బేటా. ఆడ కార్బన్ చక్రం వేయనియ్యరు. మెగ్నీషియమో, అల్యూమినియమో ఉండాలె."

ఉస్తాద్ చెప్పింది నిజం. 2023 సెప్టెంబరులో మన దేశంలో, గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన మోటోజీపీ పందెంలోనూ బండ్లు మెగ్నీషియం చక్రాల మీదే పరుగెత్తాయి. అలాగని కార్బన్ పనికిరానిదేమీ కాదు. 2017లో వచ్చిన డుకాటీ 1299 సూపర్‌లెగ్గెరాకు కంపెనీయే కార్బన్ చక్రాలు ఇచ్చింది. అయితే ఏ చక్రమైనా అది తిరిగే రోడ్డును బట్టే మంచిదో కాదో చెప్పాలి.

తేలిక వల్ల ఏమొస్తుందని అడిగాను. ఉస్తాద్ మాటలతో చెప్పకుండా టైరు లేని ముందు చక్రాలు రెండు తెప్పించాడు. ఒకటి కంపెనీ ఇచ్చిన పోత అల్యూమినియం చక్రం, రెండోది ఫోర్జ్‌డ్ అల్యూమినియంది. "ఇగో, ఇరుసు రెండు చేతుల్తో గట్టిగ పట్టుకోండ్రి సార్" అని పోత చక్రాన్ని జోరుగా తిప్పాడు. పక్కకు వంచబోతే అది నా మణికట్లను ఎదిరించింది. రెండోదాన్నీ అంతే జోరుగా తిప్పాడు. అది సులువుగా వంగింది. తూకంలో వాటి మధ్య ఉన్న తేడా కిలోకు కాస్త పైచిలుకే. చేతులకు మాత్రం అంతకంటే ఎక్కువగా తెలిసింది.

ఆ కిలో ఎక్కడ తగ్గిందన్నదే అసలు సంగతి. ఇరుసు దగ్గర తగ్గితే లాభం కొంచెమే. రిమ్ అంచున తగ్గితే లెక్క మారుతుంది. అంచున ఉన్న లోహం బండితో పాటు ముందుకు సాగాలి, తన చుట్టూ తాను తిరగాలి కూడా. అందుకే బండిని వేగం ఎక్కించేటప్పుడు అంచున ఉన్న ఒక కిలో, ట్యాంకు మీద పెట్టిన దాదాపు ఒకటిన్నర కిలోలంత శక్తిని తింటుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంలో 120/70 టైరున్న 17 అంగుళాల చక్రం సెకనుకు దాదాపు 15 సార్లు తిరుగుతుంది.

అయినా సుమారు 200 కిలోల బండి, దాని మీద మనిషి ఉన్నప్పుడు తిన్నని రోడ్డు మీద ఆ లాభం పెద్దగా తెలియదు. ఎడమ మలుపు నుంచి కుడి మలుపుకు బండిని మార్చేటప్పుడు తెలుస్తుంది. గతుకు మీద నుంచి చక్రం వెంటనే కిందికి దిగి రోడ్డును అంటిపెట్టుకున్నప్పుడు తెలుస్తుంది. తేలిక చక్రం వేశాక ఫోర్క్‌లో రీబౌండ్ సెట్టింగు మళ్లీ చూసుకోవాలని ఉస్తాద్ గట్టిగా చెప్పాడు. టైరు రిమ్ కంటే ఇంకా బయట ఉంటుంది కాబట్టి టైరు బరువునూ లెక్కలో పట్టాలి. వేలం వెర్రిగా చక్రాలు కొనేవాళ్లు దీన్ని అస్సలు పట్టించుకోరు.

మెగ్నీషియం సాంద్రత ఘన సెంటీమీటరుకు 1.74 గ్రాములు, అల్యూమినియానిది 2.7. కాగితం మీద గెలుపు మెగ్నీషియానిదే. కానీ పై పూత గీసుకుపోయి, అక్కడ నీరు చేరితే అది త్వరగా క్షయించిపోతుంది. ఉక్కు బోల్టు తగిలే చోట ఇంకా త్వరగా. మన వానాకాలానికి అది సరిపడదు. కార్బన్‌తో ఉన్న బాధ వేరు. గుంటలో పడి లోపలి పొరలు విడిపోయినా పైకి చక్కగానే కనిపించవచ్చు. ఫోర్జ్‌డ్ అల్యూమినియాన్ని కడ్డీ దశలోనే భారీ ప్రెస్ కింద నొక్కి, తర్వాత మెషీన్ మీద చెక్కుతారు. పోతలో మిగిలే గాలి బుడగలు ఇందులో ఉండవు. గట్టి దెబ్బ తగిలితే పోత చక్రం పగిలే అవకాశమెక్కువ, ఇది చాలావరకు వంగుతుంది. ఆ తేడా ప్రాణాలు కాపాడుతుంది.

గోడ పక్కన ఒక విరిగిన చక్రం చూశాను. పేరున్న డిజైన్‌ను అచ్చుగుద్దినట్టు దించిన నకలు. హబ్ దగ్గర మూడు స్పోకులు తెగి ఉన్నాయి. "గిది సస్తా మాల్ సార్. పిల్లగాడు బతికిండు, అదే చాలు" అన్నాడు ఉస్తాద్. దాన్ని అమ్మకుండా, పారేయకుండా, వచ్చిన ప్రతివాడికీ చూపిస్తున్నాడు. ఆ పని నాకు ఎంతో గౌరవం కలిగించింది.

కుర్రాడికి చివరికి ఫోర్జ్‌డ్ అల్యూమినియమే ఖాయమైంది. కొలతలు కంపెనీవే: ముందు 3.5, వెనక 5.5 అంగుళాల వెడల్పు. వెనక చక్రంలో డ్రమ్ రబ్బర్లు ఉన్న రకమే తీసుకోమన్నాడు ఉస్తాద్. పందేల కోసం చేసే కొన్ని చక్రాల్లో ఆ రబ్బర్లు ఉండవు. రోడ్డు మీద అలాంటివి వాడితే చైన్ కుదుపులన్నీ గేర్‌బాక్స్ మీద పడతాయి. డిస్క్ బోల్టుల వరుస, స్పేసర్ల పొడవు, ఏబీఎస్ రింగుకూ సెన్సార్‌కూ మధ్య ఎడం, చైన్ లైను ఇవన్నీ బిగించాక చూసి, డయల్ గేజ్ పెట్టి రిమ్ ఊగడం లేదని తేల్చుకున్నాకే టైరు ఎక్కించాలట.

డబ్బు పరిమితంగా ఉంటే ముందు మంచి టైర్లకు, సస్పెన్షన్‌కు ఖర్చు పెట్టండి. అప్పటికీ చక్రాలు మార్చాలనిపిస్తే పేరున్న తయారీదారు ఫోర్జ్‌డ్ అల్యూమినియమే కొనండి. బరువు అడిగేటప్పుడు బేరింగులు, స్ప్రాకెట్ క్యారియర్ కలిపి చెబుతున్నారో, విడిగా చెబుతున్నారో అడగండి. మార్చిన సంగతి బీమా కంపెనీకి రాతపూర్వకంగా తెలపండి. నకలు చక్రం మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దనండి.