మిగిలిందనుకున్న 2,440 రూపాయలు

మా బావగారి మాట విని నేను పోగొట్టుకున్నది 13,278 రూపాయలు. కొంపలు మునిగే మొత్తం కాదు. అయినా ఆ అంకె ఇప్పటికీ నన్ను ముల్లులా గుచ్చుతూనే ఉంది. ఆ డబ్బు ఒక్కరోజులో పోలేదు. నా చేత్తో నేనే డైరీలో రాసుకుంటుండగా, పద్నాలుగు నెలల పాటు నా కళ్లముందే పోయింది.

2023 మే నెల. కానూరు నుంచి గన్నవరం ఆఫీసుకి వెళ్తుంటే రామవరప్పాడు రింగు దగ్గర కారు టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా ఎగబాకింది. పక్కకి ఆపి చల్లారనిచ్చి, ఎలాగో ఆటోనగర్ చేర్చాను. మెకానిక్ రేడియేటర్‌కి పైనున్న హోస్ పైపు మీద చెయ్యి వేయబోయి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. కింది పైపు మాత్రం చల్లగా ఉంది. ‘థర్మోస్టాట్ మూసుకుపోయి బిగుసుకుందండీ, వేడి నీళ్లు రేడియేటర్ గుండా తిరగట్లేదు’ అన్నాడు. థర్మోస్టాట్ వాల్వ్ 1,150, గ్యాస్కెట్ 90, కూలెంట్ 900, కూలి 600. మొత్తం 2,740.

ఒప్పుకుని ఉంటే ఈ వ్యాసమే లేదు. నేను బావగారికి ఫోన్ చేశాను. ఒకప్పుడు ఆయన మూడు అంబాసిడర్లు టాక్సీలుగా తిప్పారు. బండి విషయంలో మా ఇంట్లో ఆయన మాటకి తిరుగులేదు. ‘మన ఎండలకి థర్మోస్టాట్ దేనికోయ్? అది చలిదేశాల వాళ్లకి. పీకించి పారెయ్. కూలెంట్ కూడా దండగ, నీళ్లు పోయించు’ అన్నారు. మెకానిక్ ‘అట్లా తియ్యకూడదండీ’ అని గొణిగాడు. అయినా తీయించాను. కూలి 300. అంటే 2,440 మిగిలింది. ఆ రాత్రి డైరీలో ఆ అంకె కింద రెండు గీతలు కూడా గీశాను.

ముల్లు మళ్లీ ఎర్రగీత వైపు వెళ్లలేదు. అసలు సగానికి కూడా చేరేది కాదు. బండి చల్లగా ఉందని సంబరపడ్డాను. ఇంజిన్‌కి కావలసిన వేడి దాదాపు 90 డిగ్రీలని, బయట 45 డిగ్రీల ఎండ కాసినా ఇంజిన్‌కి అది చలేనని అప్పుడు తట్టలేదు. థర్మోస్టాట్‌లో ఉండే మైనం వేడికి కరిగి ఉబ్బుతుంది, వాల్వ్‌ని తోస్తుంది. అప్పటిదాకా నీళ్లని రేడియేటర్ వైపు పోనివ్వదు. ఆ కాపలా తీసేస్తే హైవే గాలికి ఇంజిన్ ఎప్పటికీ సరిగా వేడెక్కదు. ఇంకా వేడెక్కలేదనుకుని బండిలోని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది.

మైలేజీ 17 నుంచి 15.5కి పడింది. నెలకి నేను తిరిగేది వెయ్యి కిలోమీటర్లు. 17 చొప్పున 58.8 లీటర్లు, 15.5 చొప్పున 64.5 లీటర్లు. తేడా 5.7 లీటర్లు. లీటరు 110 లెక్కన నెలకి 627 రూపాయలు. నాలుగు నెలలు తిరక్కుండానే మిగిలిందనుకున్నదంతా ఆవిరైపోయింది. పద్నాలుగు నెలలకి 8,778. ఈలోగా ‘పికప్ లేదు’ అంటే ఒకచోట ప్లగ్గులు మార్చి ఇంజెక్టర్లు క్లీన్ చేశారు, 2,350. తీసిన ప్లగ్గుల మీద మసి నల్లగా పేరుకుని ఉంది. అది చూసి కూడా కారణం అడగలేదు. బోరు నీళ్ల ఉప్పు పేరుకుని రేడియేటర్ పూడిపోతే దాన్ని కడిగించడానికి మరో 1,600.

2024 జులైలో ఇంజిన్ లైటు వెలిగింది. ఈసారి వెళ్లింది వేరే మెకానిక్ దగ్గరికి. స్కానర్‌లో పి0128 అనే కోడ్ వచ్చింది, అంటే ఇంజిన్ చాలినంత వేడెక్కట్లేదని. పద్దెనిమిది కిలోమీటర్లు నడిపి తెచ్చిన బండిలో నీళ్ల వేడి 64 డిగ్రీలే. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మళ్లీ స్టార్ట్ చేసి, రెండు పైపుల మీదా చెరో చెయ్యి వేసి నిలబడ్డాడు. రెండూ ఒకేసారి గోరువెచ్చనయ్యాయి. ‘అసలు లోపల వాల్వ్ ఉందా సార్?’ అన్నాడు. తల దించుకున్నాను.

కొత్త వాల్వ్‌ని బిగించే ముందు పరీక్షించాడు. దాని మూతలో దారం ఇరికించి, స్టవ్ మీద గిన్నెడు నీళ్లలో వేలాడదీసి, పక్కన థర్మామీటర్ పెట్టాడు. వాల్వ్ మీద 82 అని చెక్కి ఉంది. 70, 75, 80... చలనం లేదు. 83 దాటగానే మూత సన్నగా నోరు తెరిచింది, దారం జారి వాల్వ్ అడుక్కి పడింది. నా పద్నాలుగు నెలల ఖర్చుకి కారణం ఆ మూత లేకపోవడమే. బిల్లు 2,990. వచ్చే నెలకే మైలేజీ 16.8.

ఇక మొత్తం లెక్క. బావగారి దారిలో 300, 8,778, 2,350, 1,600, 2,990 కలిపి 16,018. మొదటి మెకానిక్ దారిలో 2,740. తేడా 13,278.  ఇంకో మాట కూడా చెప్పాలి. కొన్ని బండ్లలో వాల్వ్ తీసేస్తే నీళ్లు రేడియేటర్‌ని తప్పించుకుని పక్కదారి పట్టి, ఇంజిన్ ఇంకా వేడెక్కుతుంది.

బావగారు అబద్ధం చెప్పలేదు. అంబాసిడర్‌లో చోక్ లాగేదీ నెట్టేదీ డ్రైవరే. ఇంజిన్ చల్లగా ఉన్నా చోక్ నెట్టేస్తే అదనపు పెట్రోలు ఆగేది. నా బండిలో ఆ పని కంప్యూటర్‌ది. ఆయన అనుభవం ఆయన బండికి నిజం. అది నా బండికీ నిజమేనా అని అడక్కపోవడమే నా తప్పు. స్థలాల గురించీ బంగారం గురించీ పెద్దలు చెప్పే సలహాల్లోనూ ఇదే జరుగుతుంది. వాళ్లు నడిపిన బండి వేరు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఆ డైరీ. పోయించిన ప్రతి లీటరూ, తిరిగిన ప్రతి కిలోమీటరూ అందులో ఉన్నాయి. నెలాఖరున రెండూ కూడేవాణ్ణి గానీ, ఒకదాన్ని రెండోదానితో ఏనాడూ భాగించలేదు. భాగించి ఉంటే రెండో నెలలోనే దొంగ దొరికేవాడు. ఇప్పుడు ప్రతి ఫుల్ ట్యాంక్ పక్కన ఇంకో గడి గీశాను. నిన్న అందులో రాసింది 16.9.