గడప దాటినవాడి వాదం

సంక్రాంతి వెళ్లిన తరువాత ఒక సాయంత్రం నా పూర్వ విద్యార్థి ఒకడు గుంటూరులో మా యింటికి వచ్చాడు. పెదనందిపాడు వైపు మిరప రైతు కొడుకు. తండ్రి పొలం తాకట్టుపెట్టి పంపితే టొరంటో దగ్గర చదువుకొని, అక్కడే వుద్యోగమూ, శాశ్వత నివాసపు హక్కూ సంపాదించాడు. కాఫీ తాగుతూ, "మాస్టారూ, పౌరసత్వం చేతికొస్తే నా మొదటి ఓటు కన్సర్వేటివులకే. యిక తలుపు మూయవలసిందే" అన్నాడు.

నాకు మొదట నవ్వు వచ్చింది, తరువాత కోపం వచ్చింది. నిన్నగాక మొన్న గడప దాటినవాడు వెనక వచ్చేవాడి ముఖంమీద తలుపు వేయమంటున్నాడు! కాని వాడు వూరికే అన్నమాట కాదు. "నేలమాళిగ గదిలో ఆరుగురం వంతులు వేసుకొని నిద్రపోయాం. అద్దెలు మండిపోతున్నాయి. డాక్టరు దొరకడు. చదువు పేరుతో ఫీజులు గుంజిన కాలేజీలు, చౌకగా పనివాళ్లు కావాలన్న యజమానులు బాగుపడ్డారు. నష్టపోయింది నాలాటి కుర్రవాళ్లూ, అక్కడి కుర్రవాళ్లూ. యీ మాట పైకి అన్నవాళ్లు కన్సర్వేటివులే" అన్నాడు.

యిలాటి వాదాన్ని 'అభివృద్ధి నిరోధకం' అన్న ఒక్క మాటతో తోసిపారేయడం మనకు అలవాటు. అలా తోసేస్తే అందులో వున్న నిజమైన బాధ కూడా కొట్టుకుపోతుంది. పైగా చరిత్ర మనం గీసుకున్న గీతల ప్రకారం నడవలేదు. పుట్టిన దేశం నుంచి మధ్యలో ఆగకుండా తిన్నగా ప్రయాణం చేసి వచ్చినవారినే దిగనివ్వాలన్న నిబంధనను కెనడాలో 1908లో పెట్టింది లిబరల్ ప్రభుత్వం. 1914లో 376 మందితో వచ్చిన కొమగాటమారు ఓడను ఆ నిబంధన సాకుతో రెండు నెలలు వాంకూవరు రేవులో నిలబెట్టి, బహు కొద్దిమందిని తప్ప దిగనివ్వకుండా వెనక్కు పంపింది కన్సర్వేటివ్ ప్రధాని బోర్డెన్ ప్రభుత్వం. బ్రిటిష్ కొలంబియాలోని భారతీయులకు 1907లో పోయిన ఓటు 1947లో గాని తిరిగి రాలేదు. అయితే ప్రోగ్రెసివ్ కన్సర్వేటివ్ నాయకుడు డీఫెన్‌బేకర్ ప్రధానిగా వుండగానే, 1960లో, ఆదివాసులకు తమ ప్రత్యేక ప్రతిపత్తి వదులుకోకుండా ఓటు వచ్చింది. 1962లో వలస నిబంధనలలోంచి జాతి వివక్ష చాలావరకు తొలగిపోయింది. 2024 జనవరిలో విదేశీ విద్యార్థుల సంఖ్యకు పరిమితి ప్రకటించింది మళ్లీ లిబరల్ ప్రభుత్వమే. కనుక పార్టీ పేరు చూసి తీర్పు చెప్పడం సులభమే గాని సరిపోదు. ఎవరి శ్రమ ఎవరికి యెంతకాలం కావాలి అన్నది చూడాలి.

మితవాదం మనకు పరాయిదీ కాదు. నిడుబ్రోలులో పుట్టి రైతు వుద్యమాలు నడిపిన ఎన్.జి. రంగా గారే 1959లో సహకార వ్యవసాయాన్ని వ్యతిరేకించి, కాంగ్రెసు విడిచి, రాజాజీతో కలసి స్వతంత్ర పార్టీని నిలబెట్టారు. జమీందారు నుంచి భూమిని దక్కించుకోవాలన్న రైతు, భూమి దక్కిన తరువాత దాన్ని ప్రభుత్వం నుంచి కాపాడుకోవాలన్నాడు. రెండుసార్లూ 'రైతు' అన్న మాటలో కూలివాడికి చోటెంత అన్నదే ప్రశ్న.

యీ సంగతులన్నీ వాడికి ఏకరువు పెట్టి చివరికి అన్నాను: "1966 నుంచి జమైకా కూలీలు, 1974 నుంచి మెక్సికో కూలీలు కెనడా పొలాల్లో, తోటల్లో పనిచేస్తున్నారు. ఎనిమిది నెలలకు మించి వుండడానికి వీల్లేదు. యేళ్ల తరబడి వచ్చిపోయినా ఆ పథకం వాళ్లకు పౌరసత్వానికి దారి చూపదు. 2025 సెప్టెంబరులో తాత్కాలిక విదేశీ కార్మికుల పథకాన్నే రద్దు చేయమన్న మీ కన్సర్వేటివ్ నాయకుడు పొయిలీవ్రే కూడా, మనుషులు దొరకని వ్యవసాయపు పనులకు మాత్రం వేరే యేర్పాటు వుండాలన్నాడు. అంటే యేమిటి? పని కావాలి, మనిషి వద్దు. యిదేనా న్యాయం?"

వాడు కప్పు కింద పెట్టి అన్నాడు: "మరి మీ చేలో కాయ కోసేవాళ్లు యే వూరి పౌరులు మాస్టారూ?"

నాకు నోట మాట రాలేదు.

మా అన్నయ్య వేసే నాలుగెకరాల మిరపకు కోత మనుషులు ఆదోని, కోసిగి వైపు నుంచి వస్తారు. పిల్లాపాపలతో లారీ దిగి, చేను పక్కనే పట్టాలు కప్పి డేరాలు వేసుకుంటారు. వాళ్ల ఓటూ, వాళ్ల బడీ వాళ్ల వూళ్లో. వాళ్ల చెమటా, కళ్లలో పడే కారమూ మా వూళ్లో. రెండేళ్ల కిందట ఒక తల్లి తొమ్మిదేళ్ల కొడుకును చేయిపట్టుకొని తెచ్చి, "మా పిల్లోన్ని యీడ బడిలో కూసోబెట్టుకుంటారా సారూ?" అని నన్ను అడిగింది. "మూడు నెలల్లో పోయేవాళ్లు, వాళ్లకెందుకురా యివన్నీ" అన్నాడు అన్నయ్య. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం సంవత్సరం మధ్యలోనైనా ఆ పిల్లవాణ్ణి చేర్చుకోవాలని నాకు తెలుసు. బడి ఫర్లాంగు దూరం. వాళ్లు కాదనలేదు, నేను వెళ్లి అడగనే లేదు. సెలవు అయిపోయిందని బస్సెక్కాను. ఆ పిల్లవాడు కోతలైనన్నాళ్లూ కల్లంలో తాలుకాయలు యేరుతూ కూర్చున్నాడట.

నా విద్యార్థి వాదంలో లోపం యెక్కడుందో చెప్పగలను. యిల్లు యిరుకైందని కొత్తగా వచ్చేవాణ్ణి నిందించాడు గాని, ఆ యిరుకు మీద లాభం తీసినవాణ్ణి లోపలే వదిలేశాడు. యజమానుల పేరు వాడే చెప్పాడు, తలుపు మాత్రం కూలివాడి మీద వేయమన్నాడు. కాని నాలోని లోపం అంతకంటె పెద్దది. సముద్రాల అవతలి కూలికి పౌరసత్వం అడిగినవాణ్ణి, మా చేని గట్టుమీది పిల్లవాడికి ఒక పలక, బల్లమీద జానెడు చోటు అడగలేకపోయాను. పౌరసత్వం పెట్టెలో దాచుకునే కాగితం మాత్రమే కాదు. మనిషి తాను పనిచేసే చోట కూలి గురించి, వైద్యం గురించి, బిడ్డ చదువు గురించి నోరెత్తి అడగగలగడం అది. ఆ మాట వినకుండా పని పుచ్చుకునేవాడు యే పార్టీకి ఓటు వేస్తేనేం, యే పత్రికకు వ్యాసాలు రాస్తేనేం?

వాడు లేచి చెప్పులు తొడుక్కుంటూ, "కోపమొచ్చిందా మాస్టారూ?" అన్నాడు.

"లేదురా. ఆదివారం మా వూరు వెళుతున్నాను, నువ్వూ రా. సోమవారం బడి తెరిచాక తిరిగివద్దాం" అన్నాను.

చేను పక్కన అప్పుడే డేరాలు వేశారట.